టెక్సాస్‌లో కారు అమ్మి టైటిల్ రాసిచ్చిన నా అనుభవం

మా 2015 టయోటా క్యామ్రీని 2024 నవంబరులో అమ్మాము. కారుకు కొనేవారిని వెతకడం నేను భయపడినంత కష్టం కాలేదు. టైటిల్ (కారు యజమాని ఎవరో తెలిపే ప్రభుత్వ పత్రం) వెనుకవైపున ఉన్న అరపేజీని ఎవరు, ఎప్పుడు, ఎలా నింపాలో తెలుసుకుని, ఎక్కడా కొట్టివేత లేకుండా నింపి ఇచ్చేసరికి మాత్రం దాదాపు రెండు నెలలు పట్టింది. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఏటా ఎన్నో కార్లు ఒకరికొకరు అమ్ముకుంటున్నారు కాబట్టి, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ కారును 2019లో, మేము ఇర్వింగ్‌లో అద్దెకు ఉన్నప్పుడు, అప్పు మీద కొన్నాము. మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినది ఇందులోనే. తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారాంతాల్లో ఫ్రిస్కో హనుమంతుడి గుడికి తీసుకువెళ్ళినదీ ఇందులోనే. 2024 ఆగస్టులో మా వారికి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి ముందుగా ఆయన వెళ్ళారు. పాప బడి సంవత్సరం ముగిసేవరకు నేను ఇక్కడే ఉండాలనుకున్నాము. రెండు కార్లు అనవసరం కనుక ఒకటి అమ్మేద్దామని సెప్టెంబరులో నిర్ణయించుకున్నాము. అయితే టైటిల్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఇద్దరమూ సంతకం చేయాలి, ఆయన రెండు వేల మైళ్ళ దూరంలో ఉన్నారు.

అంతకంటే ముందు అసలు టైటిల్ మా చేతిలో లేదు. అప్పు తీరేవరకు మా టైటిల్ కాగితం రూపంలో కాక, అప్పిచ్చిన సంస్థ హక్కు నమోదై ప్రభుత్వ కంప్యూటర్లోనే ఉంది. మా ఖాతాలో కనిపించే బాకీ వేరు, ఆ రోజుకు పూర్తిగా తీర్చడానికి కట్టవలసిన మొత్తం వేరు అన్న సంగతి ఫోన్ చేస్తేనే తెలిసింది, ఎందుకంటే వడ్డీ రోజువారీగా పెరుగుతూ ఉంటుంది. పది రోజుల వరకు చెల్లే లెక్కతో ఒక ఉత్తరం అడిగి తీసుకుని, అక్టోబరు 3న ఆ మొత్తం కట్టాను. అదే ఫోన్‌లో మరొక మాట కూడా అడగమని ఇంతకుముందు కారు అమ్మిన స్నేహితురాలు చెప్పింది: టైటిల్ ఏ చిరునామాకు వస్తుంది? వారి దగ్గర ఇంకా ఇర్వింగ్ అపార్టుమెంటు చిరునామాయే ఉంది. దానిని అప్పటికప్పుడు మార్పించాను. ఆమె చెప్పకపోయి ఉంటే ఆ కాగితం మా పాత తపాలా పెట్టెలో ఎవరి చేతిలో పడేదో.

డబ్బు ముట్టిన పది పనిదినాల్లోగా అప్పు హక్కును వదిలివేయాలని టెక్సాస్ చట్టం. ఆ తరువాత టైటిల్ ముద్రించి తపాలాలో పంపడానికి మరికొంత సమయం పడుతుంది. రోజూ సాయంత్రం పెట్టె తీసి చూడడమే పనిగా గడిపాక, అక్టోబరు 26 శనివారం నాడు అది వచ్చింది. కవరు చూస్తే మామూలు ఉత్తరంలాగే ఉంది. ప్రకటనల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేసే అవకాశం నిజంగా ఉంది కనుక, ఎదురుచూస్తున్నవారు ఆ రోజుల్లో ప్రతి కవరునూ విప్పి చూడడం మంచిది.

మా వారికి టైటిల్‌ను కొరియరులో పంపి, ఆయన సంతకం పెట్టి తిరిగి పంపితే సరిపోతుంది కదా అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. కొనేవారెవరో తేలకముందే సంతకం పెడితే, కొనుగోలుదారు పేరు ఖాళీగా ఉన్న టైటిల్ ఒకటి తపాలాలో తిరుగుతూ ఉంటుంది. అది ఎవరికి దొరికితే వారు తమ పేరు రాసుకోవచ్చు. పవర్ ఆఫ్ అటార్నీ పత్రం ద్వారా నేనే ఆయన తరఫున సంతకం చేసే మార్గం కూడా ఉంది. అయితే నవంబరు చివరి వారంలో వచ్చే థాంక్స్ గివింగ్ పండుగకు ఆయన ఎలాగూ వస్తున్నారు, టికెట్ అప్పటికే కొని ఉంది, నెల రోజులు ఆగితే ఇద్దరమూ స్వయంగా సంతకం చేయవచ్చు. ఆగుదామనే అనుకున్నాము.

ఈ ఖాళీ సంతకం విషయంలో నాకు ఇంత పట్టుదల ఉండడానికి కారణం మా నాన్న. తెనాలిలో ఆయన తన పాత స్కూటరును అమ్మినప్పుడు, అందరూ చేసేదే కదా అని, వాహనం బదిలీకి వాడే 29, 30 నంబరు ఫారాల మీద పేర్లు, తేదీలు లేకుండా సంతకాలు పెట్టి ఇచ్చేశారు. కొన్నవాడు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి అమ్ముకుంటూ పోయారు, రిజిస్ట్రేషను మాత్రం నాన్న పేరు మీదే ఉండిపోయింది, ఎన్నడూ వెళ్ళని ఊళ్ళ నుంచి చలానాలు ఆయనకు వచ్చేవి. వాహనం అమ్మేసినా రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును పేపర్లో చదివిన రోజున ఆయనకు రాత్రి నిద్ర పట్టలేదు. దేశం వేరైనా భయం ఒక్కటే: కారు మన వాకిట్లోంచి వెళ్ళిపోతుంది, పేరు మాత్రం మనదే మిగులుతుంది.

అక్టోబరు నెలాఖరులో ప్రకటన పెట్టాను. మొదట గట్టిగా ముందుకు వచ్చిన వ్యక్తి మిగిలినవారందరికంటే మూడు వందల డాలర్లు ఎక్కువ ఇస్తానని, నగదు ఆ సాయంత్రమే తెస్తానని అన్నాడు. కారు చూశాడు, బేరం కూడా ఆడలేదు. మా వారు వచ్చేవరకు ఆగాలని చెబితే, "ఆయన సంతకం తెప్పించి ఉంచండి, నా పేరు మీరు రాయనక్కరలేదు, నేను తరువాత నింపుకుంటాను" అన్నాడు. అమ్మకం ధరను తక్కువ చేసి రాద్దామని, అందువల్ల పన్ను కలిసివస్తుందని కూడా అన్నాడు. ఇలా పేరు ఖాళీగా ఉంచమనేవారు సాధారణంగా లైసెన్సు లేకుండా కార్ల వ్యాపారం చేసేవారని తరువాత తెలిసింది. సొంత పేరు మీద టైటిల్ చేయించుకుంటే పన్ను కట్టాలి, ఏడాదికి నాలుగు కార్ల కంటే ఎక్కువ అమ్మితే డీలరు లైసెన్సు ఉండాలి. ఆ రెండూ తప్పించుకోవడానికి మన సంతకం ఉన్న టైటిల్‌నే నేరుగా మరొకరికి ఇచ్చేస్తారు. ఈ మధ్యలో ఆ కారు ఏం చేసినా రికార్డుల్లో యజమానులు మేమే. ఇక ధర తక్కువ రాయడం సంగతి చెప్పాలంటే, టైటిల్ దరఖాస్తు ఫారం మీదే అబద్ధపు వివరాలు రాయడం మూడవ స్థాయి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరమని ముద్రించి ఉంది. అదీకాక ఇక్కడ పన్నును రాసిన ధర మీద లేదా ప్రభుత్వం అంచనా వేసిన విలువలో 80 శాతం మీద, ఏది ఎక్కువైతే దాని మీద, 6.25 శాతం చొప్పున లెక్కిస్తారు. తక్కువ రాసినంత మాత్రాన తక్కువ కట్టడం కుదరదు. వీసా మీద బతుకుతున్న కుటుంబం మూడు వందల డాలర్ల కోసం అలాంటి కాగితం మీద సంతకం పెట్టగలదా? కుదరదని చెప్పి పంపించాను. ఆ రాత్రి చేతికి వచ్చిన బేరం పోయిందన్న దిగులు లేకపోలేదు.

నవంబరు మధ్యలో, డాలస్‌లో చదువు ముగించి ప్లానోలో కొత్తగా ఉద్యోగంలో చేరిన గుంటూరు అబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు. "అక్కా, నాకు మొదటి కారు, మెకానిక్‌కు చూపించుకోవచ్చా?" అని అడిగినప్పుడే నాకు నమ్మకం కుదిరింది. 16వ తేదీ శనివారం తనకు తెలిసిన మెకానిక్ దగ్గర చూపించుకున్నాడు. ముందు బ్రేకులు త్వరలో మార్చాలని తేలింది. 9,500 డాలర్లకు ఒప్పుకున్నాము. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే జెల్ సేవ ద్వారా 200 డాలర్లు బయానా పంపాడు. అది ఎందుకు తీసుకున్నానో, కారు ఏ తేదీన ఇస్తానో, ఇవ్వలేకపోతే తిరిగి పంపుతానన్న మాటతో సహా సందేశంలో రాసి అతని అంగీకారం తీసుకున్నాను.

తేదీ నిర్ణయించడంలో ఒక చిక్కు వచ్చింది. మా వారు 26 మంగళవారం రాత్రి దిగి ఆదివారం తిరిగి వెళ్ళాలి. గురువారం పండుగ, శుక్రవారం కూడా టైటిల్ మార్పు దరఖాస్తు తీసుకునే కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయాలకు సెలవు. అంటే మిగిలినది 27 బుధవారం ఒక్కటే. ఆయన విమానం ఆలస్యమైతే అంతా డిసెంబరు చివరికి వెళ్ళిపోతుందేమోనని మంగళవారం రాత్రి వరకు ఆందోళనగానే ఉంది. పండుగల ముందు ఇలాంటి పని పెట్టుకునేవారు కార్యాలయం సెలవులను ముందుగా చూసుకోవాలి.

టైటిల్ వచ్చిన రోజే రెండు వైపులా జిరాక్సు తీయించి, ఆ జిరాక్సు మీద పెన్సిలుతో అన్నీ నింపి చూశాను. దీనివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు. వెనుకవైపున ఒకదాని కింద ఒకటి ఒకేలా కనిపించే గళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పైనున్నది మాత్రమే మనది. కిందివన్నీ డీలర్లు ఒకరికొకరు మార్చుకునేటప్పుడు నింపేవి. వాటిలో పొరపాటున ఒక్క అక్షరం పడినా తంటాయే. మనం నింపవలసిన భాగంలో కొనుగోలుదారు పూర్తి పేరు, చిరునామా, మీటరు రీడింగు, అమ్మిన తేదీ, అమ్మేవారి సంతకం, ఆ సంతకం కిందనే అచ్చక్షరాలలో పేరు ఉంటాయి. ఆ పక్కన కొనేవారు మీటరు రీడింగు చూశానని సంతకం చేసి పేరు రాయాలి. అమ్మేవారి సంతకానికి ఉన్నది ఒక్కటే గీత. ఇద్దరు యజమానులు అదే గీత మీద సర్దుకోవాలి కాబట్టి, చిన్న అక్షరాలతో ఎడమవైపు ఆయన, కుడివైపు నేను అని ముందే అనుకుని ఉంచాము. మా వారు మామూలుగా ఇంటిపేరు మొదటి అక్షరంతో పొట్టి సంతకం చేస్తారు. టైటిల్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది కనుక పూర్తిగానే చేయాలని ఫోన్‌లోనే చెప్పి అలవాటు చేయించాను.

కొట్టివేతలు, వైటనర్, దిద్దుళ్ళు ఉంటే ఆ టైటిల్‌ను తిరస్కరించవచ్చు. అప్పుడు వీటీఆర్–34 అనే దరఖాస్తుతో ధ్రువీకృత నకలు తెచ్చుకోవాలి; రుసుము తపాలాలో అయితే 2 డాలర్లు, ప్రాంతీయ కార్యాలయానికి స్వయంగా వెళితే 5 డాలర్ల 45 సెంట్లు. డబ్బు చిన్నదే, కానీ బుధవారం ఒక్కటే ఉన్న మాకు అంత సమయం ఎక్కడిది? అందుకే రెండు నల్లసిరా పెన్నులు కొని, రాసి చూసి, తడి అంటుకోని దానిని తీసుకువెళ్ళాను.

27వ తేదీ ఉదయం పదింటికి ప్లానోలో అతని బ్యాంకు శాఖలో కలిశాము. బ్యాంకులోనే కలవాలన్నది నా షరతు. బయట తయారు చేసి తెచ్చిన క్యాషియర్స్ చెక్కులలో (బ్యాంకే హామీగా ఉండి ఇచ్చే చెక్కులు) నకిలీవి ఉంటాయి. అది చెల్లనిదని మన ఖాతాలో తేలేసరికి కారూ టైటిలూ రెండూ వెళ్ళిపోయి ఉంటాయి. నా కళ్ళ ముందు, ఆ శాఖ ఉద్యోగి చేత ముద్రింపజేయాలని అడిగితే ఆ అబ్బాయి ఏమీ నొచ్చుకోలేదు. బయానా పోను 9,300 డాలర్లకు చెక్కు తీయించాడు.

ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ముందుగా అతని డ్రైవింగ్ లైసెన్సు చూశాను. అక్కడ మనవాళ్ళకే వచ్చే చిక్కు ఒకటి ఎదురైంది. అతని పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడంతో వీసాలో అతని పేరు మొత్తం ఇంటిపేరుగా మారి, మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడింది. లైసెన్సులోనూ అదే వచ్చింది. వాడుకలో ఉన్న పేరు రాయాలా, ఈ మూడక్షరాలతో కలిపి రాయాలా అని అతను తటపటాయించాడు. దరఖాస్తుతో చూపించే గుర్తింపు కార్డు అదే కాబట్టి, కార్డులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాశాను. కౌంటీ కార్యాలయంలో ఉద్యోగిని రెండింటినీ పక్కపక్కన పెట్టి వేలితో అక్షరం అక్షరం సరిచూడడం చూసినప్పుడు, అలా రాయడమే మంచిదయిందని అనుకున్నాను.

మీటరు రీడింగును ఇంటి నుంచి రాసుకుని రాలేదు, బ్యాంకు ముందు కారు ఆపాక ఇద్దరమూ కలిసి చూసి ఫొటో తీశాము: 108417. దశాంశాలు రాయకూడదు. దాని కింద రెండు చిన్న గళ్ళు ఉంటాయి. ఒకటి మీటరు పరిమితి దాటిపోయిందని, రెండవది అది అసలు మైలేజీ కాదని చెప్పడానికి. మీటరు సరిగా ఉన్నప్పుడు రెండింటినీ ఖాళీగా వదిలేయాలి. ఫారంలో గడి కనిపిస్తే టిక్కు పెట్టడం మనకు అలవాటు కాబట్టి ఇక్కడ చేయి ఆపుకోవడం ముఖ్యం, రెండవ గడిలో టిక్కు పడితే ఆ కారు చరిత్రలో మచ్చ ఉండిపోతుంది. 2011, ఆ తరువాతి మోడళ్ళకు ఇరవై ఏళ్ళ వరకు ఈ రీడింగు ప్రకటన తప్పనిసరి. 2021 నుంచి అమలులో ఉన్న సమాఖ్య నియమం ఇది. పాత కార్లు అమ్మిన స్నేహితులు "పదేళ్ళు దాటితే అక్కరలేదు" అంటే నమ్మవద్దు. అది అంతకుముందు మోడళ్ళ మాట.

మా వారు సంతకం చేశారు, నేను చేశాను, ఆ అబ్బాయి చేశాడు. 130–యూ అనే టైటిల్ దరఖాస్తు మీద కూడా మేమిద్దరమూ, అతనూ సంతకాలు చేయాలి. ధర 9,500 అని ఉన్నది ఉన్నట్టు రాశాము. ఈ ఫారం కొనేవారి పని కదా అని చాలామంది టైటిల్ మాత్రమే ఇచ్చి పంపేస్తారు, తరువాత కొనేవారు అమ్మినవారి సంతకం కోసం తిరగవలసి వస్తుంది. టెక్సాస్‌లో విక్రయ పత్రం తప్పనిసరి కాకపోయినా, ఒక కాగితం మీద కారు నంబరు, ధర, తేదీ, ఉన్న స్థితిలో అమ్మినట్టు రాసి రెండు ప్రతులు తీసుకున్నాము. అన్నిటికీ ఫొటోలు తీసిన తరువాతే టైటిల్ అతని చేతికి, చెక్కు నా చేతికి మారాయి.

అక్కడితో ఇంటికి వెళ్ళిపోకుండా మేము కూడా అతనితో ప్లానోలోని కాలిన్ కౌంటీ పన్ను కార్యాలయానికి వెళ్ళాము. ఇలా అమ్మేవారు వెంట వెళ్ళడం మంచిదని టెక్సాస్ మోటారు వాహనాల శాఖే చెబుతుంది. పండుగ ముందు రోజు కావడంతో వరుస పెద్దదిగా ఉంది. సుమారు గంటన్నర నిలబడ్డాము. పాప ఆకలి అంటూ గొడవ చేస్తుంటే మా వారు బయటకు తీసుకువెళ్ళారు, ఇంతలోనే మా వంతు వచ్చి నేను కంగారుపడ్డాను. అయితే సంతకాలన్నీ ముందే పూర్తయ్యాయి కాబట్టి ఆయనను పిలవవలసిన అవసరం రాలేదు. అబ్బాయి పన్ను 593 డాలర్ల 75 సెంట్లు, టైటిల్ రుసుము 33 డాలర్లు, ఆ పైన రిజిస్ట్రేషను రుసుములు కట్టాడు. బీమా పత్రం ముందు రోజే తీసుకుని ఉంచమని నేను చెప్పాను, అది అడిగారు. ఈ దరఖాస్తుకు అమ్మిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంటుంది, దాటితే కొనేవారికి జరిమానా పడుతుంది.

కొత్త నంబరు ప్లేట్లు తీసుకుని బయటకు వచ్చాక, కార్యాలయం ఆవరణలోనే మా పాత ప్లేట్లు విప్పి అతనివి బిగించాము. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. ఇంటి నుంచి స్క్రూడ్రైవరు, కాస్త నూనె తెచ్చుకున్నందువల్ల పని జరిగింది. అద్దం మీది రిజిస్ట్రేషను స్టిక్కరును బ్లేడుతో గీకి తీశాను. టోల్‌ట్యాగ్ స్టిక్కరును కూడా తీసి, ఫోన్‌లోనే మా టోల్ ఖాతా నుంచి ఆ కారును తొలగించాను. ఇది ఆ రోజు మరచిపోతే, ఇక్కడి రహదారుల మీద కెమెరాలు ప్లేటును చూసి పంపే బిల్లులు మనకే వస్తాయి. గ్యారేజీ తలుపు తెరిచే మీట, బ్లూటూత్‌లో మిగిలిన మా ఫోన్ నంబర్ల జాబితా, దారి చూపే యంత్రంలో ఉన్న ఇంటి చిరునామా కూడా చెరిపేశాము.

ఆ సాయంత్రమే, పొయ్యి మీద అన్నం పెట్టి, వాహన బదిలీ సమాచారాన్ని టెక్సాస్ మోటారు వాహనాల శాఖకు ఆన్‌లైన్‌లో పంపాను. దీనికి రుసుము లేదు; కాగితం మీద పంపాలనుకుంటే వీటీఆర్–346 అనే ఫారం ఉంది. కొన్నవారి పేరు, చిరునామా, అమ్మిన తేదీ, కారు నంబరు ఇస్తే చాలు. 30 రోజుల్లోగా పంపితే, ఆ తేదీ తరువాత కారు వల్ల కలిగే బాధ్యతల నుంచి మనకు రక్షణ ఉంటుంది. ఇది యాజమాన్యాన్ని మార్చదని, కొన్నవారు టైటిల్ చేయించుకునేవరకు రికార్డులో మన పేరే ఉంటుందని అదే పేజీలో రాసి ఉంది. కాబట్టి కౌంటీకి వెళ్ళినా ఇది పంపాలి, ఇది పంపినా కౌంటీకి వెళ్ళడం మానకూడదు. అంగీకార పేజీ ముద్రించి నాన్నకు వాట్సాప్‌లో ఫొటో పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి రెండుసార్లు చదివించుకున్నారు.

బీమాను మాత్రం ఆ రోజు రద్దు చేయలేదు. బదిలీ సమాచారం అందినట్టు, చెక్కు డబ్బు ఖాతాలో నిలిచినట్టు చూసుకున్నాక, డిసెంబరు 2 సోమవారం నాడు విక్రయ పత్రం నకలు పంపి ఆ కారును పాలసీ నుంచి తీయించాను. ముందుగా కట్టిన ప్రీమియంలో మిగిలిన భాగం తరువాతి నెల బిల్లులో తగ్గింది.

అబ్బాయికి అతని పేరుతో టైటిల్ డిసెంబరు చివరి వారంలో తపాలాలో వచ్చింది. ఫొటో పంపి, "అక్కా, ఎఫ్‌ఎన్‌యూతో సహా వచ్చింది, ముందు బ్రేకులు కూడా మార్పించాను" అని రాశాడు. టైటిల్ రెండు వైపుల ఫొటోలు, 130–యూ నకలు, అతని లైసెన్సు ఫొటో, మీటరు ఫొటో, బదిలీ అంగీకార పేజీ అన్నీ ఒక ఫైలులో పెట్టి, మార్చి వరకు నెలకొకసారి టోల్ ఖాతా తెరిచి చూశాను. ఆ కారు పేరుతో ఒక్క బిల్లు కూడా రాలేదు.